పది వేయించమనకండి, చెప్పేది వినండి: సూపర్ మార్కెట్ సర్వేలపై బహిరంగ లేఖ

సూపర్ మార్కెట్ యాజమాన్యాలకు, సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, నూనెలు తయారుచేసే కంపెనీల మార్కెటింగ్ విభాగాలకు, వాళ్ల తరఫున సర్వేలు చేయించే రీసెర్చ్ ఏజెన్సీలకు,

నమస్కారం.

విజయవాడ సూపర్ మార్కెట్లలో ట్యాబ్ పట్టుకుని నిలబడి, సరుకులు కొనడానికి వచ్చినవాళ్లను ప్రశ్నలడిగే ఫీల్డ్ ఉద్యోగిని నేను. కొన్నేళ్లుగా ఇదే నా పని. అప్పుడప్పుడు గుంటూరు, ఏలూరు కూడా పంపుతుంటారు. ఈ లేఖలో రాసినవన్నీ ముందుగా మా సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పాం. తర్వాత నాతో పనిచేసే మరికొందరు ఆడవాళ్లం కూర్చుని కాగితం మీద రాసి ఏజెన్సీకి ఇచ్చాం. ఒక స్టోర్ మేనేజర్ గారికి కూడా కాపీ అందించాం. అవేమీ నిజం కాదని ఎవరూ అనలేదు. అలాగని ఒక్కటీ మారలేదు. "పైకి పంపించాం" అన్న మాట దగ్గరే అంతా ఆగిపోయింది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఏ సంస్థ పేరూ ఎత్తడం లేదు, ఎందుకంటే ఇది ఏ ఒక్క సంస్థతోనో పోయే సంగతి కాదు.

సర్వేలు మానేయమని నేను అడగడం లేదు. నెల నెలా ఇంటికి సరుకులు మోసుకెళ్లే ఆవిడకు, ఆ సరుకు తయారుచేసే కంపెనీకి మధ్య ఎదురెదురుగా మాట జరిగే చోటు ఇదొక్కటే. మంచినూనె ప్యాకెట్ మూల కత్తిరిస్తే ధార సరిగ్గా పడక గట్టంతా కారుతోందని ముంబైలో కూర్చున్న మేనేజర్‌కి ఎవరు చెబుతారు? మేము అడిగితేనే, ఆవిడ చెబితేనే, అది మీదాకా చేరుతుంది. అంత విలువైన పనిని మీరు నడిపిస్తున్న తీరు వల్ల కొనేవాళ్లకు, కౌంటర్ దగ్గర పనిచేసే పిల్లలకు, మాకు జరుగుతున్న నష్టం ఇది.

1. ఎనిమిది వేస్తే ఏమవుతుందో కొనేవాళ్లకు తెలియదు.

బిల్లు అయ్యాక అడిగే ప్రశ్న అందరికీ తెలిసిందే. ఈ స్టోర్ గురించి మీ బంధువులకో స్నేహితులకో చెబుతారా, 0 నుంచి 10 లోపు ఒక అంకె చెప్పండి అంటాం. దీన్ని నెట్ ప్రమోటర్ స్కోర్ అంటారు. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే అమెరికన్ కన్సల్టెంట్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఇది ప్రపంచమంతా పాకింది. 9, 10 వేసినవాళ్లు మెచ్చుకున్నట్టు లెక్క. 0 నుంచి 6 దాకా వేసినవాళ్లు పెదవి విరిచినట్టు లెక్క. 7, 8 వేసినవాళ్లు ఎటూ కారు. మెచ్చుకున్నవాళ్ల శాతంలోంచి పెదవి విరిచినవాళ్ల శాతం తీసేస్తే స్కోరు. వందమందిలో 40 మంది 9 గానీ 10 గానీ వేశారు, 45 మంది 7 గానీ 8 గానీ వేశారు, 15 మంది 6 లోపు వేశారనుకోండి. స్కోరు 25. బాగుందని మనస్ఫూర్తిగా చెప్పి వెళ్లిన ఆ 45 మంది ఊసే అందులో ఉండదు.

మన దగ్గర మార్కుల అలవాటు వేరు. నూటికి అరవై వస్తే ఫస్ట్ క్లాస్, డెబ్బై అయిదు దాటితే డిస్టింక్షన్ అనుకుంటూ పెరిగినవాళ్లం. పదికి పది లెక్కల పేపర్‌కి తప్ప వెయ్యం. పటమట నుంచి వచ్చే ఒక పెద్దావిడ తనకు బిల్లు వేసిన అమ్మాయి గురించి నాతో ఎంత బాగా చెప్పారో. నూనె డబ్బా అడుగున పెట్టి, కందిపప్పు ప్యాకెట్లు దాని పక్కన సర్ది, గుడ్ల అట్ట పైన పెట్టి ఇచ్చిందట. ఆవిడ కొంగున ముడి వేసుకున్న నోట్లు విప్పి లెక్కపెట్టుకునే దాకా, వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటున్నా, ఓపిగ్గా ఆగిందట. "బంగారం లాంటి పిల్లమ్మా, ఎనిమిది వేసుకో" అన్నారు. ఇంకొంచెం పెంచండని మేము అడగకూడదు. ఎనిమిదే నొక్కాను. ఆవిడ దృష్టిలో అది మెప్పు. ఆ స్టోర్‌లో 9కి తగ్గినదంతా ఆ అమ్మాయి ఖాతాలో వెలితి. ఆ నెల టార్గెట్ అందలేదని ఆ పిల్లకి ఇన్సెంటివ్ రాలేదు.

దాంతో ఇప్పుడు ఏమవుతోందో మీ స్టోర్‌లో ఒక గంట నిలబడితే మీకే తెలుస్తుంది. బిల్లు చేతికిస్తూనే, "సార్, పది నొక్కండి సార్, లేకపోతే మాకు కట్ అవుతుంది" అని పిల్లలు బతిమాలుతున్నారు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, మా కౌంటర్‌వి పది వేయించక్కా" అంటున్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. అద్దె కట్టాలి, చిట్టీ కట్టాలి. కొనేవాళ్లు కూడా పాపం అనుకుని పది నొక్కి వెళ్లిపోతున్నారు. మీ దగ్గరికి చేరుతున్నది స్టోర్ ఎలా ఉందన్న సమాచారం కాదు. జనంలో ఎంత జాలి ఉందన్న సమాచారం. పది కౌంటర్లలో మూడే తెరిచి ఉన్నందుకు వరుసలో అరగంట నిలబడ్డ మనిషి కోపంతో 4 వేస్తే, ఆ కోపం పడుతున్నది ఆ మూడు కౌంటర్లలో కూర్చుని తలెత్తకుండా పనిచేసిన పిల్లల మీద. ఏడు కౌంటర్లు మూసి ఉంచాలని నిర్ణయించింది వాళ్లు కాదు కదా.

2. ముప్ఫై ఫారాలతో మనుషుల జీతాలు తేల్చేస్తున్నారు.

ఒక్కో స్టోర్‌కి నెలకు ముప్ఫై, నలభై ఫారాలు చేయించి, పోయిన నెలకన్నా స్కోరు ఇన్ని పాయింట్లు పడిపోయిందని మీటింగులు పెడుతున్నారు. చిన్న లెక్క చూడండి. 30 మందిలో ఒక్క మనిషి 9 వేయాల్సింది 6 వేస్తే, మెచ్చుకున్నవాళ్లలో ఒకరు తగ్గి, పెదవి విరిచినవాళ్లలో ఒకరు పెరుగుతారు. స్కోరు ఆ ఒక్కరి వల్లే దాదాపు 7 పాయింట్లు పడిపోతుంది. ఆ మనిషికి ఆ రోజు పార్కింగ్‌లో ఎవరితోనో గొడవయి ఉండొచ్చు. 30 మందిని అడిగి తీసిన ఏ శాతమైనా అటూ ఇటూ 18 శాతం దాకా తేడా రావచ్చని ఏ స్టాటిస్టిక్స్ విద్యార్థి అయినా చెబుతాడు. ఇది మీ ఏజెన్సీలో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా స్టోర్ మేనేజర్‌కి పంపే పట్టీలో ఆ ముక్క ఎందుకు ఉండదు?

సర్వే చేసే రోజును బట్టి కూడా జవాబులు మారిపోతాయి. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా నెల సరుకుల జనం. ట్రాలీ నిండుగా ఉంటుంది, వరుసలు పొడుగ్గా ఉంటాయి, చిరాకూ ఉంటుంది. ఇరవై అయిదో తారీఖున వచ్చేవాళ్లు పాల ప్యాకెట్టో, పిల్లలకు నోటుబుక్కో కొనుక్కుని చకచకా వెళ్లిపోతారు. ఒక నెల మొదటి వారంలో, మరుసటి నెల ఆఖరి వారంలో ఫారాలు చేయించి ఆ రెండింటినీ పోల్చి చూస్తే అందులో ఏం తేలుతుంది?

3. జనం చెప్పే మాటకు ఫారంలో గడి లేదు.

ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే విషయం. ఫారంలో ఉండేవి: ఫలానా బ్రాండ్ పేరు విన్నారా, ప్రకటన ఎక్కడ చూశారు, ప్యాకెట్ రంగు ఆధునికంగా ఉందా సంప్రదాయంగా ఉందా, ఈ పరిమళం మీకు ఏ భావన కలిగించింది. జనం చెప్పాలనుకునేవి వేరు. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ రేటు అదే ఉంది గానీ బరువు ఎందుకు తగ్గిపోతోంది? అరలో అంటించిన ధర ఒకటి, బిల్లులో పడ్డది ఇంకొకటి ఎందుకు? ఇంతంత పెట్టి సరుకు కొన్నాక సంచికి మళ్లీ డబ్బులేమిటి? తయారైన తేదీ, ఎంతకాలం వాడొచ్చో ఆ వివరం కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత చిన్నగా ఎందుకు వేస్తారు?

2025 సెప్టెంబర్ 22 నుంచి షాంపూ, టూత్‌పేస్ట్, సబ్బు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు, నేను ట్యాబ్ తెరవకముందే జనం నన్ను ఎదురు ప్రశ్నించేవాళ్లు. "పన్ను తగ్గిందన్నారు కదమ్మా, ఈ ప్యాకెట్ మీద పాత రేటే ఉందేంటి? తగ్గింది ఎక్కడ పడింది, బిల్లులోనా?" అని. నా చేతిలో ఉన్న ఫారంలో ఆ రోజుల్లోనూ ప్యాకెట్ రంగు గురించే ఉంది. వాళ్లు అడిగింది రాసుకోవడానికి చోటు లేదు. "ఇతరములు" అన్న గడిలో రాస్తే, అక్షరాలు ఎక్కువైతే ట్యాబ్ తీసుకోదు. తీసుకున్నా దాన్ని ఎవరూ చదవరని మాకు తెలుసు, ఎందుకంటే అందులో ఏం రాసినా ఇంతవరకు ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

మీకు కావలసిన జవాబు వచ్చేలా ప్రశ్న వేస్తే చివరికి మీకే నష్టం. దీనికి మీ వ్యాపారంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికాలో వాల్‌మార్ట్ స్టోర్లలో సరుకు ఇరుకిరుకుగా ఉందా, నడవలు ఖాళీగా ఉంటే బాగుంటుందా అని కొనేవాళ్లను అడిగారు. ఎవరైనా ఏమంటారు? బాగుంటుందన్నారు. ఆ జవాబును పట్టుకుని 2009 ప్రాంతంలో ప్రాజెక్ట్ ఇంపాక్ట్ పేరుతో నడవల్లో పేర్చిన సరుకు, అరల్లో రకాలు తగ్గించేశారు. జనం స్టోర్ బాగుందన్నారు గానీ కొనడం తగ్గించారు. తీసేసిన వాటిలో వేల రకాల సరుకును 2011లో మళ్లీ తెచ్చి పెట్టుకోవలసి వచ్చింది. నడవ ఖాళీగా ఉండాలా అని అడిగారే గానీ, అందుకోసం మీరు కొనే రకం ఇక్కడ దొరకకపోయినా ఫర్వాలేదా అని అడగలేదు. మన దగ్గర ఫారాల్లో సగం ప్రశ్నలు ఇలాంటివే. "ఆరోగ్యకరమైన రకం వస్తే కొంటారా?" అని అడిగితే కొనమని ఎవరు చెబుతారు? రేటెంతో చెప్పకుండా అడిగిన ఆ ప్రశ్నకు వచ్చిన "అవును"లను నమ్ముకుని మీరు సరుకు దింపుతారు. అది అమ్ముడుపోక గడువు దగ్గరపడితే, అరలోంచి తీసి లెక్క చెప్పుకోవలసింది మళ్లీ ఆ స్టోర్ పిల్లలే.

4. అయిదు నిమిషాలని చెప్పి ఇరవై అయిదు నిమిషాలు నిలబెడుతున్నారు.

మొదట ఏం చెప్పాలో మాకు రాసి ఇస్తారు. "కేవలం అయిదు నిమిషాలు" అని అందులోనే ఉంటుంది. ఫారం మాత్రం ఎంత వేగంగా చదివినా ఇరవై నిమిషాలకు తగ్గదు. చంకలో బిడ్డ, చేతిలో పాల ప్యాకెట్లు, బయట ఆటో ఆగి ఉంది. ఆవిడ సగంలో వెళ్లిపోతే ఆ ఫారం చెల్లదు, మాకు డబ్బు రాదు. వెళ్లకుండా ఆగితే, ఆఖరి పది ప్రశ్నలకు ఏది తోస్తే అది చెబుతుంది. 1 నుంచి 5 లోపు చెప్పండి అంటే వరుసగా "నాలుగు, నాలుగు, నాలుగు" అంటుంది. ఆ నాలుగుల మీద మీరు గ్రాఫులు గీసుకుంటారు.

ఆ మధ్యలో ఇంటి స్థితిగతుల ప్రశ్నలు వస్తాయి. 2011 నుంచి దేశంలో సర్వే సంస్థలు వాడుతున్న వర్గీకరణ ప్రకారం, ఇంట్లో ప్రధానంగా సంపాదించేవాళ్లు ఏం చదివారు, పదకొండు వస్తువుల జాబితాలో ఇంట్లో ఏవేం ఉన్నాయి అని అడిగి, ఇంటికి ఏ1 నుంచి ఇ3 దాకా ఒక తరగతి కడతాం. కరెంటు, ఫ్యాను, గ్యాస్ స్టవ్, బండి, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్, కారు, ఏసీ, పొలం. లెక్కకు ఇది అవసరమే కావచ్చు, కాదనను. కానీ బిల్లింగ్ వరుస పక్కన, పది మంది వింటుండగా, ఒక ఆవిడను పట్టుకుని "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా? వాషింగ్ మెషిన్ ఉందా? ఆయన ఎంతవరకు చదివారు?" అని ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆవిడ ముఖం ఎలా మారుతుందో మీరు చూడలేదు. కొందరు లేనివి ఉన్నాయంటారు. కొందరు గొంతు తగ్గించి లేదంటారు. సర్వేకి ఒప్పుకున్న పాపానికి మనిషిని అంత చిన్నబుచ్చే హక్కు మనకెవరికీ లేదు. ట్యాబ్ ఆవిడ చేతికిచ్చి, తెలుగులో పెద్ద అక్షరాలతో చూపిస్తే తనే నొక్కుకుంటుంది. ఈ మాట మేము ఎన్నోసార్లు చెప్పాం.

ఫారం ఇంగ్లీషులో ఉండటం కూడా చిన్న విషయం కాదు. మేము అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి అడుగుతాం. నేను ఒకలా అడుగుతాను, పక్క స్టోర్‌లో అమ్మాయి ఇంకోలా అడుగుతుంది. అవన్నీ ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబులని మీరు కలిపేస్తారు.

5. ఫోన్ నంబర్ దేనికి ఇచ్చారో దానికే వాడండి.

మేము నిజంగా మాట్లాడామా లేదా అని చూసుకోవడానికి, అంటే బ్యాక్ చెక్‌కి, జవాబు చెప్పినవాళ్ల నంబర్ తీసుకుంటాం. ఆ మాటే చెప్పి తీసుకుంటాం. ఆ తర్వాత కొందరు మళ్లీ స్టోర్‌కి వచ్చినప్పుడు నన్ను గుర్తుపట్టి నిలదీశారు. "నువ్వు నంబర్ రాసుకున్న దగ్గర్నుంచి ఒకటే ఫోన్లమ్మా, ఇన్సూరెన్స్ అంటారు, ప్లాట్లంటారు" అని. ఆ ఫోన్లు ఆ ఫారం వల్లే వచ్చాయని నేను రుజువు చూపించలేను. కానీ ఆ నంబర్ ఏజెన్సీలో ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు అని అడిగితే మాకూ ఎవరూ చెప్పలేదు. సర్వే పేరుతో అమ్మకాలు చేయకూడదని అంతర్జాతీయ వాణిజ్య మండలి, మార్కెట్ రీసెర్చ్ చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఈసోమార్ కలిసి రాసుకున్న నియమావళిలో స్పష్టంగా ఉంది. మీరు మీ వెబ్‌సైట్లలో గొప్పగా చెప్పుకునేది ఆ నియమావళినే.

బయటికి వెళ్లే దారిలో పెట్టే లక్కీ డ్రా పెట్టె ఇంకో సంగతి. చీటీ మీద పేరు, ఫోన్, పుట్టినరోజు, పెళ్లిరోజు అన్నీ అడుగుతారు. చాక్లెట్ స్టాండ్ పక్కన చిన్నపిల్లల చేత కూడా నింపిస్తారు. ఆ చీటీలను ఎవరు పట్టుకెళతారో అక్కడ రాసి ఉండదు.

చట్టం ఏమంటుందో మీ లాయర్లకు తెలుసు, కొనేవాళ్లకు తెలియాలని రాస్తున్నాను. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని రీతిలో ఇంకొకరికి ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్ నంబర్ ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వ్యాపార సంఘాలకు సూచించింది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అనేది స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి. సమ్మతి కోరే కాగితాన్ని ఇంగ్లీషులోనే కాక తెలుగులో కూడా చదువుకునే వీలు ఇవ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. గడువు ఉంది కదా అని ఆఖరి రోజు దాకా ఇలాగే నడిపించుకోవచ్చని మీరు అనుకోకూడదని నా విన్నపం. నంబర్ ఇచ్చినావిడ ఇవాళే ఇచ్చింది.

6. అడగకుండా వదిలేస్తున్నవాళ్లు చాలామంది.

బిల్లు అయినవాళ్లనే అడగమంటారు. కావలసింది దొరకక ఉత్త చేతులతో తిరిగి వెళ్లినవాళ్లే ముఖ్యంగా చెప్పాల్సినవాళ్లు. వాళ్లను అడగడానికి మాకు అనుమతి లేదు. ప్రతి పదో మనిషిని ఆపాలని కాగితం మీద ఉంటుంది. పదో మనిషి ఇద్దరు పిల్లలతో, మూడు సంచులతో వస్తే ఎవరు ఆపగలరు? వయసుల వారీగా కోటా ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి 18 నుంచి 25 ఏళ్లవాళ్లు ఇంకా నలుగురు కావాలంటే, మగపిల్లల గుంపు దగ్గరికి పరిగెత్తాలి. ఆ నలుగురిలో ఇంటికి సరుకు కొనేవాడు ఒక్కడూ ఉండడు.

ఇక కిరాణా కొట్టు. మన రాష్ట్రాల్లో ఇప్పటికీ ఇళ్లలోకి వచ్చే సరుకులో ఎక్కువ భాగం వీధి చివర కొట్టు నుంచే వస్తుంది. పావుకిలో చక్కెర, అయిదు రూపాయల టీ పొడి, రెండు షాంపూ సాషేలు కొనేవాళ్లను ఏసీ స్టోర్‌లో నిలబడి నేనెలా అడగగలను? వాళ్ల సాషేలో ఎన్ని మిల్లీలీటర్లు ఉండాలో మాత్రం, ఏసీ స్టోర్‌లో వచ్చిన జవాబులు చూసి తేల్చుతున్నారు.

7. మా సంగతి కూడా.

ఫారానికి ఇంత అని ఇస్తారు. చెల్లలేదంటే ఇవ్వరు. బ్యాక్ చెక్‌లో ఆవిడ ఫోన్ ఎత్తకపోయినా ఆ ఫారం పోయినట్టే. అసాధ్యమైన కోటా పెట్టి, ఫారం లెక్కన డబ్బు ఇస్తే, జవాబులు ఇంట్లో కూర్చుని నింపేవాళ్లు పుట్టుకొస్తారు. నిజాయితీగా చేసేవాళ్లకు తక్కువ డబ్బు, అలా నింపేవాళ్లకు ఎక్కువ డబ్బు వచ్చే పద్ధతిని మీరే పెట్టారు. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాం. నిలబడి పనిచేసే స్టోర్ ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం సవరించారు. మేము స్టోర్ ఉద్యోగులం కాదంటూ ఇక్కడ మాకు స్టాఫ్ బాత్రూమ్ కూడా వాడుకోనివ్వని చోట్లున్నాయి. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు ఎదురుగా ఉన్న హోటల్‌కి వెళ్లి, టీ కొనుక్కుని, బాత్రూమ్ అడగాల్సి వస్తోంది.

మా డిమాండ్లు ఇవి. ఒక్కటి కూడా మీ చేతిలో లేనిది కాదు.

1. సర్వే స్కోరును బిల్లింగ్ పిల్లల జీతం, ఇన్సెంటివ్‌తో ముడిపెట్టడం వెంటనే ఆపాలి. ఇంతవరకు స్కోరు పేరుతో ఆపిన ఇన్సెంటివ్‌లు తిరిగి ఇవ్వాలి.

2. స్టోర్ వారీ పట్టీలో ఎన్ని ఫారాలు, నెలలో ఏ తేదీల్లో చేశారు, ఎంత తేడాకు అవకాశం ఉంది అన్నది స్కోరు పక్కనే రాయాలి. 7, 8 వేసినవాళ్లు ఎందరో కూడా అందులో కనపడాలి.

3. స్టోర్‌లో చేసే ఏ సర్వే అయినా ఏడు నిమిషాలు మించకూడదు. ఎంత సమయం పడుతుందో ముందే నిజం చెప్పాలి. అంతకన్నా పెద్దదైతే కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి మంచినీళ్లు ఇచ్చి చేయాలి.

4. ఫారం తెలుగులో అచ్చయి ఉండాలి. దాన్ని ఖరారు చేసే ముందు ఫీల్డ్‌లో పనిచేసే ఇద్దరు ముగ్గురితో చదివించాలి. ఇంటి వివరాల ప్రశ్నలు బయటికి చదవకుండా, జవాబు చెప్పేవాళ్లే నొక్కేలా ఉండాలి.

5. మొదటి ప్రశ్న ఇది కావాలి: "ఇవాళ ఇక్కడ మీకు ఇబ్బంది కలిగించింది ఏమైనా ఉందా?" జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోవడానికి సరిపడా చోటు ఉండాలి. వచ్చినవాటిలో ఎక్కువమంది చెప్పిన అయిదు ఫిర్యాదులు, వాటికి మీరేం చేశారన్నది నెలకోసారి స్టోర్ గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు మీద పెట్టాలి. చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో అదే రాయండి, జనం అర్థం చేసుకుంటారు.

6. ఫోన్ నంబర్ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఇవ్వకపోయినా మా ఫారం చెల్లాలి. తీసుకున్న నంబర్‌ను బ్యాక్ చెక్ అయిన నెలలోపు చెరిపేసి, చెరిపినట్టు వాళ్లకు మెసేజ్ పంపాలి. చిన్నపిల్లల చేత లక్కీ డ్రా చీటీలు నింపించడం మానాలి. నంబర్ వేరేవాళ్ల చేతిలో పడిందని అనుమానం ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కి ఫిర్యాదు చేయవచ్చని సమ్మతి కోరే కాగితం మీదే ఉండాలి.

7. ఉత్త చేతులతో వెళ్లేవాళ్లను కూడా అడగనివ్వాలి. సాషేలు, చిన్న ప్యాకెట్ల గురించిన సర్వేలు కిరాణా కొట్ల దగ్గర, కొట్టు యజమాని అనుమతితో, ఆయన సమయానికి కూడా డబ్బిచ్చి చేయాలి.

8. ఫీల్డ్‌వాళ్లకు ఫారం లెక్కన కాకుండా రోజు లెక్కన వేతనం ఇవ్వాలి. గుర్తింపు కార్డు, కూర్చోవడానికి స్టూలు, స్టోర్‌లో బాత్రూమ్ వాడుకునే అనుమతి స్టోర్‌తో చేసుకునే ఒప్పందంలోనే రాయాలి.

ఈ సంక్రాంతి సరుకు సర్వేలు మొదలయ్యేలోపు వీటి మీద రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. మాలో నలుగురైదుగురిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతామంటే, మీరు చెప్పిన రోజున, చెప్పిన చోటికి వస్తాం. ఏ స్టోర్‌లో ఏ రోజు ఏం జరిగిందో మా దగ్గర రాసిపెట్టుకున్న పుస్తకాలున్నాయి, తెచ్చి చూపిస్తాం. సమాధానం రాకపోతే ఇవే వివరాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి, కార్మిక శాఖకు వెళతాం. ఫారం నింపిన కొనుగోలుదార్లలో కొందరు మాతో పాటు సంతకం పెడతామని ఇప్పటికే చెప్పారు.

ఇట్లు,
విజయవాడ సూపర్ మార్కెట్లలో సర్వేలు చేసే ఒక ఫీల్డ్ ఉద్యోగిని,
తోటి ఉద్యోగినుల తరఫున